ఆది రవిక

దేవుడి పేరు చెప్పి చందా అడిగితే, ఇవ్వడం ఇష్టం లేనివాడు కూడా లోపలికి పోయి చొక్కా జేబు తడుముకొని వస్తాడు. రొమ్ములో గడ్డ పేరు చెప్పి అడిగితే మాత్రం, ఇచ్చే గుణమున్నవాడు కూడా తల పక్కకు తిప్పుకుంటాడు. కార్వేటినగరంలో మూడు వీధులు తిరిగేసరికి రవికలు కుట్టే మునెమ్మకు ఈ సంగతి బాగా తెలిసివచ్చింది.

గంగ జాతర ఇంకా పది రోజులుంది. జాతరలో ఆడవాళ్ళ కోలాటం ఏటా ఉండేదే. మునెమ్మ జట్టులో పన్నెండుమంది, ఆరు ఉద్దీలు. ఉద్ది అంటే జత. ఎదురెదురుగా నిలబడి ఒకరి కోల ఇంకొకరి కోలకు తగిలించేవాళ్ళు. ఈ ఏడు మాత్రం మునెమ్మ కొత్త పాట కట్టింది. కృష్ణుడి పాట కాదు, రాముడి పాటా కాదు. రెండేళ్ళ కిందట వేలూరు ఆసుపత్రిలో ఎడమ రొమ్ము తీయించుకొని బతికి బయటపడిన తన పాటే. తనకు ముందే ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే నాలుగు నెలలు దాచుకొని ఉండేదాన్ని కాదు కదా అన్నది ఆమె బాధ. చీరలకు, పలకలు వాయించే డప్పులవాళ్ళకు, మైకు సెట్టుకు డబ్బు కావాలి. అందుకే ఈ తిరుగుడు.

ఎరువుల కొట్టు రాజారత్నం బిల్లు పుస్తకం మీద నుంచి తలెత్తాడు. "ఏ దేవుడి కోలాటమమ్మా?"

"దేవుడిది కాదన్నా. రొమ్ములో గడ్డొచ్చి బతికినదాని కథ. నా కథే."

రాజారత్నం తల మళ్ళీ బిల్లు పుస్తకంలోకి పోయింది. "అదేం కోలాటమమ్మా, నలుగురు కూచునే చోట. గంగమ్మ మీద ఏదన్నా ఆడండి, నూర్రూపాయలు రాస్తా."

మునెమ్మ పక్కన ఆమె ఉద్ది కృపారాణి ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే మనిషి. చేతులకు జీడి మరకలు, నోటికి అంతకంటే ఎక్కువ జీడి. "నువ్వు చిన్నప్పుడు తాగి పెరిగింది యాడినించన్నా, టీ కొట్టులోనా?" అంది.

కొట్టులో ఉన్న ఇద్దరు రైతులు నవ్వారు గానీ, నూరు రూపాయలు మాత్రం రాలేదు. మునెమ్మ ఆమె చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది.

"నీ నోరే మనకు చేటు మే."

"నోరు మూసుకుంటే మాత్రం ఏమిచ్చినాడక్కా? మూసుకోని ఇచ్చింది లేదు, తెరిచి పోయింది లేదు."

నాలుగో వీధి చివర మామిడి తోటల ఆసామి ఏకాంబరం ఇల్లు. ముందు మామిడి కాయల లోడు దిగుతోంది. ఏకాంబరం భార్య చంద్రకాంతమ్మ వసారాలో కుర్చీ వేసుకొని బుట్టలు లెక్కపెడుతోంది. మే నెల ఎండలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకొని కూర్చుంటే, ఆమె పైటను రెండు భుజాల చుట్టూ నిండుగా కప్పుకొని ఉంది. ఉన్నవాళ్ళ దర్జా ఎండను కూడా లెక్కచెయ్యదు కాబోలు అనుకుంది మునెమ్మ.

చంద్రకాంతమ్మ మొత్తం విన్నది. ఒక్కసారి కూడా తల తిప్పుకోలేదు. అందుకే మునెమ్మకు ఆశ పుట్టింది.

"పన్నెండు చీరలూ నేనిస్తా. పలకలోళ్ళకూ మైకుకూ నేనే చెప్పి పంపిస్తా. ఇంగ ఎవుర్నీ చెయ్యి సాచి అడగబాకండి" అంది చివరికి.

మునెమ్మ రెండు చేతులూ జోడించింది. ఎడమ చెయ్యి ఆపరేషన్ తర్వాత వాచి, కుడి చేతికంటే ఒక పిసరు లావుగా ఉంటుంది. అది పైకి లేవడానికి ఎప్పుడూ కాస్త ఆలస్యం చేస్తుంది.

"ఒకటే. ఆ మాటొకటి తీసేయండి పాటలో."

"ఏ మాటమ్మా?"

"నీకు తెలీదా ఏ మాటో?" చంద్రకాంతమ్మ గొంతు గట్టిపడింది. "జబ్బు అనండి, చాలు. మొగోళ్ళు ఉంటారు, బిడ్డలుంటారు. స్టేజీ మీద నేను కూడా కూచోవాల్సినదాన్ని."

"జబ్బంటే జలుబనుకుంటారమ్మా జనాలు" అని కృపారాణి అనబోయింది. మునెమ్మ ఆమె కాలు తొక్కింది.

"నాక్కూడా ఒక రవిక కుట్టు మునెమ్మా, జాతరకు. గుడ్డా, ఆది రవికా సుబ్బులమ్మతో పంపిస్తా" అని చంద్రకాంతమ్మ మళ్ళీ బుట్టల వైపు తిరిగింది.

సాయంత్రం బడి ఆవరణలో జట్టు కూడింది. సెలవులు కాబట్టి బడి ఖాళీ. సంగతి విని పదిమంది ఎగిరి గంతేసినంత పని చేశారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. కూలికి పోయే ఆడవాళ్ళకు ఒకేసారి ఒకే రంగు కొత్త చీర కట్టుకొని స్టేజీ ఎక్కడం అంటే మాటలు కాదు.

"ఒక మాటే కదక్కా, తీసేస్తే పోయేదేముండాది?" అంది మహిత. అందరిలోకీ చిన్నది, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల.

"ఆ ఒక్క మాట ఇరవై ఏండ్లుగా ఎవురూ అనకనే కదే ఇంతదాకా వొచ్చింది" అంది కృపారాణి.

మునెమ్మ కోల తీసుకొని అరుగు మీద తాళం వేసింది. పాట మొదలైంది.

"శెనిక్కాయ గింజంత చెల్లెలా, అది
రేగ్గాయంత ఆయె చెల్లెలా,
రొమ్ములో పెరిగేటి గడ్డనే చెల్లెలా
రవికలో దాస్తినే చెల్లెలా."

"ఇప్పుడు మార్చి పాడండి" అంది మునెమ్మ, ఎవరి మొహమూ చూడకుండా. "ఒంటిలో పెరిగేటి జబ్బునే."

తాళం తప్పలేదు. ఎక్కడా అడుగు తడబడలేదు. ఒక మాట పోయి ఇంకో మాట వచ్చినట్టు కోలలకు తెలియను కూడా తెలియలేదు. మునెమ్మకు అదే ఎక్కువ కష్టమనిపించింది. అయినా ఆట ఆగకుండా ఉంటే చాలనుకుంది. పాట మొత్తం విన్నవాళ్ళలో ఒక్కతయినా ఇంటికి పోయి తన ఒళ్ళు తాను తడిమి చూసుకోదా? మాటకు మాట పోయినా ఆట మిగులుతుంది. అలా సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున ఏకాంబరం ఇంటి పనిమనిషి సుబ్బులమ్మ గోధుమరంగు పట్టుగుడ్డ, ఒక పాత తెల్ల రవిక తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది.

"ఇది ఆది రవికేనా మే? ఎప్పుడూ నీలం రంగుది గదా పంపిస్తాది."

"అది బీరువాలో ఉండాదక్కా. తాళం అమ్మ నడుముకాడ. అమ్మేమో మండీ నాయుడితో కాయల లెక్కలో ఉండె. తీగ మీద ఆరతా ఉంటే ఇది తెచ్చినా. ఏదైతే ఏముండాది, ఆమె ఒంటిదే గదా" అని సుబ్బులమ్మ వెళ్ళిపోయింది.

పెద్దింటి ఆడవాళ్ళ ఒంటికి మునెమ్మ ఏనాడూ టేపు పెట్టలేదు. సరిగ్గా కుదిరిన పాత రవిక ఒకటి పంపిస్తారు, దాన్ని చూసి కొత్తది కత్తిరించాలి. అదే ఆది. ఇరవై ఏళ్ళుగా చంద్రకాంతమ్మకు అలాగే కుట్టింది. ఆమె చెయ్యి ఎంత లావో, వీపు ఎంత వెడల్పో మునెమ్మకు తెలుసు గానీ, ఆమెను అరచెయ్యంత దూరంలో నిలబడి చూసింది ఏనాడూ లేదు.

రవికను తిరగేసి, హుక్కులు పెట్టి, వీపు మధ్యకు మడిచి బల్ల మీద పరిచింది. అలా మడిస్తే కుడి సగం మీద ఎడమ సగం అచ్చంగా కూర్చోవాలి. కూర్చోలేదు. ఎడమ సగం వేలున్నర బయటికి వచ్చింది.

తను కుట్టిన రవికే. తన కుట్టు తనకు తెలియదా? ఎడమ పక్క కుట్టు విప్పేసి, లోపల దాచిన గుడ్డను వదులు చేసి, చేత్తో మళ్ళీ కుట్టారు. ముతక దారం, గోధుమ గింజలంత టాకాలు. హుక్కు ఊడినా మునెమ్మ దగ్గరికి పంపే మనిషి, తానే సూది పట్టుకొని కుట్టుకుంది. అదీ ఒక్క పక్కే.

లోపలి వైపు ఎడమ కప్పు మీద నాలుగు మడతల పంచె గుడ్డ వేసి కుట్టి ఉంది. దాని మధ్యలో రూపాయి బిళ్ళంత మరక. ఎన్నిసార్లు సబ్బు పెట్టారో, చుట్టూ గుడ్డ తెల్లబడింది గానీ మరక పోలేదు.

మునెమ్మ ఆ మరక మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు మడతల గుడ్డ నాలుగు నెలలు ఆమె కూడా పెట్టుకుంది. మంచంలో మొగుడికి అటువైపు తిరిగి పడుకొని, గుడ్డ తడిసిందా లేదా అని చేత్తో తడుముకున్న రోజులు ఒంట్లోకి మళ్ళీ వచ్చాయి. ఆమెకు ఏడుపు రాలేదు, భయం వేసింది.

అప్పుడే కృపారాణి అరుగెక్కింది. మునెమ్మ రవికను గబుక్కున పట్టుగుడ్డ కింద దోపింది.

"ఏందక్కా అట్ల దాస్తావు? బంగారమా?"

"పెద్దింటోళ్ళ గుడ్డ మే. నీ చేతి జీడి అంటుకుంటే నా పని అయిపోతాది."

కృపారాణి నవ్వి పలకల వాళ్ళ సంగతి చెప్పి పోయింది. మునెమ్మ రవికను మళ్ళీ బయటికి తీసింది. చెప్పాలి. చెపితే ఆ మనిషి ఒప్పుకుంటుందా? తన గుట్టు ఒక కుట్టుపని మనిషి చేతిలో పడిందని తెలిస్తే చీరలూ మైకూ సరే, ఊళ్ళో నిలబడనిస్తుందా? చెప్పకపోతే జాతరలో ఆమె స్టేజీ మీద కూర్చొని ఉంటే, తాను ఆమె ఎదురుగానే జబ్బు జబ్బు అని ఎగురుతూ ఆడాలి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఆ రోజంతా చేతిలో ఉన్న మిగతా రవికలు కుట్టింది, పట్టుగుడ్డకు మాత్రం కత్తెర పెట్టలేకపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, ఏకాంబరం తోటకు పోయిన వేళ చూసి బయలుదేరింది.

"కుట్టేసినావా?" అంది చంద్రకాంతమ్మ.

"ఆది సరిపోలేదమ్మా. టేపు పెట్టి కొలవాల."

"నీలం రవిక తీసకపొమ్మంటి గదా సుబ్బులమ్మను?"

మునెమ్మ సంచిలోంచి తెల్ల రవిక తీసింది. మడిచే ఉంది, విప్పలేదు. చంద్రకాంతమ్మ దాన్ని చూసింది. తర్వాత వంటింటి వైపు చూసింది, సుబ్బులమ్మ ఉందేమోనని. లేచి లోపలి గదిలోకి నడిచింది. మునెమ్మ వెనకే పోయి తలుపు గడియ పెట్టింది.

"తలుపెందుకు మూస్తావు? రవిక ఆడ పెట్టేసి పో."

"పోతానమ్మా. ఒకటి చూపించి పోతా."

ఏం చెప్పాలో దారంతా అనుకొని వచ్చింది. ఒక్కటీ నోటికి రాలేదు. అందుకని పైట తీసి రవిక హుక్కులు విప్పింది. ఎడమ వైపు లోపల తానే కుట్టుకున్న చిన్న సంచి ఉంది, బరువు కోసం ఆవాలు పోసింది. దాన్ని తీసి మంచం మీద పెట్టింది. చంక నుంచి రొమ్ము ఎముక దాకా నున్నటి చర్మం, దాని మీద అడ్డంగా పాత కుట్టు. మొగుడు కూడా వెలుతురులో చూడని చోటు అది. కిటికీలోంచి ఎండ పడుతూంటే ఆమె కదలకుండా నిలబడింది.

"నేను గూడా నాలుగు మడతలే ఏస్తినమ్మా" అంది. "అయిదోది ఏసుండినా ఆగేది కాదు."

చంద్రకాంతమ్మ కళ్ళు ఆ కుట్టు మీదే ఉన్నాయి. ఆమె కుడి చెయ్యి తెలియకుండానే పైట లోపలికి పోయింది.

"నొప్పా?" అంది. అడిగింది ఇప్పటి సంగతో అప్పటి సంగతో తెలియలేదు.

"అప్పుడుండె. ఇప్పుడు లే."

"ఎవురికి చెప్పినావు?"

"ఎవురికీ లేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

"రవిక ఏసుకోని పో" అంది చంద్రకాంతమ్మ, గోడ వైపు తిరిగి.

ఇక చీరలు రావు అనుకుంటూ మునెమ్మ ఇంటికొచ్చింది. కానీ సాయంత్రానికే చీరల మూట వచ్చింది. పన్నెండు చీరలు, చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. జట్టంతా అరుగు మీద చేరి అంచులు తడిమి చూసుకున్నారు. మునెమ్మకు కాస్త ఊపిరాడింది. చంద్రకాంతమ్మ ఏ సంగతీ తేల్చకపోయినా, కనీసం ఆట మీద కోపం పెట్టుకోలేదు కదా అనుకుంది.

ఆ ఊపిరి ఒక్క రాత్రికే. మర్నాడు తెల్లారీ తెల్లారకముందే, వీధిలో ఇంకా ఎవరూ కళ్ళాపి చల్లక ముందే, చంద్రకాంతమ్మ స్వయంగా వచ్చింది. మునెమ్మ అరుగు ఆమె ఇంతవరకూ ఎక్కలేదు. రవికలకొచ్చే కూలి ఆడవాళ్ళు కూర్చునే స్టూలు మీదే కూర్చుంది.

"ఎల్లుండి గురువారం. వేలూరికి పోదాం. నువ్వు తోడు రా. చిత్తూరులో గుడ్డలు కొనాల, కుట్టే మనిషి తోడుండాల అని ఇంట్లో చెప్పినా. కారొద్దు, బస్సే. డ్రైవరుకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే."

మునెమ్మ ఒళ్ళు తేలికైంది. "మంచి మాటమ్మా, మంచి మాట. ఆడ పొద్దున్నే చీటీ రాయించుకోవాల, నాకు తెలుసు…"

"ఆగు" అంది చంద్రకాంతమ్మ. "నాకు కోలాటం ఒద్దు."

"జబ్బు అనే పాడతా ఉండామమ్మా, మాట తీసేసినాము."

"మాట కాదు. ఆటే ఒద్దు. నువ్వూ నేనూ బస్సులో పోతాము. నలుగురు చూస్తారు. ఆపరేషనంటే పదిసార్లన్నా పోవాల. జాతరలో నువ్వు ఆ కథ ఆడితే, ఊళ్ళో ప్రతి ఆడదీ ఆ రెండూ కలిపి లెక్కేస్తాది. నా ఇంట్లో మగోళ్ళ ముందర, నా కోడలి ముందర నేను తలెత్తుకోలేను. కృష్ణుడి పాట ఆడండి. చీరలు మీవే."

"వచ్చే ఏడన్నా…"

"ఎప్పుటికీ ఒద్దు."

"ఆట ఆడితే మీరు వేలూరికి రారా అమ్మా?"

చంద్రకాంతమ్మ తల దించుకొని పైట బిగించుకుంది. ఆమె పెట్టిన షరతు బెదిరింపు కాదు. ఆమె మొహం చూసి మునెమ్మకు తెలిసింది, ఆ మనిషికి నిజంగానే చేతకాదని. చావుకంటే నలుగురి నోళ్ళకు ఎక్కువ భయపడే మనిషి. రెండేళ్ళ కిందటి మునెమ్మ కూడా అంతే కదా.

"రాను" అంది చంద్రకాంతమ్మ.

మునెమ్మకు ఒళ్ళు మండింది. ఊరి ఆడవాళ్ళందరి కోసం కట్టిన పాటను ఒక్క ఆడదాని కోసం నోట్లోనే నొక్కెయ్యాలా? ఆ అందరిలో ఇంకెవరి రవికలో గుడ్డ మడత ఉందో ఎవరికి తెలుసు? ఆ ఎవరో కనబడరు. ఈమె ఎదురుగా కూర్చొని ఉంది, పైట బిగించుకొని. కనబడే మనిషిని వదిలి కనబడనివాళ్ళ కోసం కోల ఎత్తడం మునెమ్మకు చేతకాలేదు.

"సరేనమ్మా" అంది.

జట్టుకు ఆ సాయంత్రమే చెప్పింది. "ఈ ఏడు పాత కృష్ణుడి పాటే ఆడదాము. నా చెయ్యి బాగలేదు, కొత్త కోపుల అడుగులు నావల్ల కావడం లేదు."

సగంమందికి అది నచ్చింది కూడా. మహితకు కృష్ణుడి పాట ముందే వచ్చు. కృపారాణి మాత్రం కదలలేదు.

"చెయ్యి నిన్న బాగుండె గదక్కా."

"నిన్న బాగుండె, ఇవాళ లేదు."

"నిన్న చీరలొచ్చె. ఇవాళ చెయ్యి వాచె." కృపారాణి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది, అదే ఎక్కువ గుచ్చింది. "వీధి వీధికీ నీ ఎనక తిరిగి నేను మాటలు పడినా. నా మొగుడు కొట్టినా పాట నేర్చుకున్యా. అది నీ ఒక్కదాని పాటే కాదు. మా అమ్మ దేంతో చచ్చిందో ఇంతవరకూ మా ఇంట్లో ఎవురూ నోరిప్పి చెప్పలేదు. ఎంతిచ్చిందక్కా ఆమె?"

మునెమ్మ నోరు తెరిచింది. ఒక్క మాట చాలు, కృపారాణి నమ్మేస్తుంది. కానీ బిడ్డ మీద ఒట్టు పెట్టింది. పైగా కృపారాణి నోటికి గడియ లేదని ఆమెకంటే ఎవరికి తెలుసు?

"ఏమీ ఈలేదు" అంది.

"అయితే ఊరికెనే అమ్ముడుబోతివా? ఇంగా చౌక" అని కృపారాణి కోలలు మహిత చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పన్నెండో మనిషి పోతే ఒక ఉద్ది విరిగినట్టే. మునెమ్మ ఎదురు ఖాళీ అయింది. ఆ పూట ఆట సాగలేదు.

గురువారం తెల్లవారుజామున బస్టాండులో చిత్తూరు బస్సు ఆగి ఉంది; వేలూరికి అక్కడ మారాలి. గుజ్జు ఫ్యాక్టరీ వ్యాను కోసం అయిదారుగురు ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో కృపారాణి. చంద్రకాంతమ్మ తలమీదుగా పైట కప్పుకొని ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మునెమ్మ చేతిసంచిలో తన పాత ఆసుపత్రి చీటీలు, రెండు ఇడ్లీ పొట్లాలు ఉన్నాయి.

ఆమె మెట్టు మీద కాలు పెట్టబోతూ ఉంటే కృపారాణి కేక వేసింది, అందరికీ వినబడేలా. "పెద్దింటమ్మ పక్కన సీటు దొరికిందా మునెమ్మక్కా? పట్టుచీర కొనిస్తాదా చిత్తూరులో?"

ఆడవాళ్ళు నవ్వారు. కిటికీలో చంద్రకాంతమ్మ మొహం పాలిపోయింది. ఆమె చెయ్యి సీటు కమ్మిని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు లేచి దిగిపోతుందేమో అనుకుంది మునెమ్మ.

"ఔను మే" అంది మునెమ్మ, గట్టిగానే. "కొనిస్తానన్యాది. ఎర్రంచుది."

కృపారాణి నవ్వు ఆగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నేల మీద ఉమ్మి, వ్యాను వచ్చే దారి వైపు తిరిగి నిలబడింది.

మునెమ్మ వచ్చి కూర్చుంది. బస్సు కదిలింది. చంద్రకాంతమ్మ కిటికీ బయటికి చూస్తూనే, మునెమ్మ వాచిన చేతి మీద తన చెయ్యి వేసింది. ఏదో అనాలని పెదవులు కదిలించింది గానీ అనలేదు. అనలేనిదాన్ని అనిపించడానికి ఆసుపత్రిలో కౌంటరు వెనక ఒక మనిషి కూర్చొని ఉంటాడు. అక్కడ మాత్రం తాను పలకకూడదు, ఆమె నోటితోనే చెప్పించాలి అనుకుంది మునెమ్మ.

కండక్టరు వచ్చాడు. చంద్రకాంతమ్మ నోటు తీసి, "రెండు" అంది.

"ఒకటే కొట్టన్నా ఆమెకు" అని మునెమ్మ కొంగుముడి విప్పి, తన టికెట్టు తాను కొనుక్కుంది.